ఈగ దూరని అద్దాల ఇల్లు

మా ఆయనకు శుభ్రం పిచ్చి. తోటలో మొక్కలు పెంచే అద్దాల ఇంటికి ఆయనే పెద్ద తోటమాలి. నేను ఆయన కింద పనిచేస్తాను. ఇంట్లో సంగతి వేరనుకోండి. పొద్దున్నే గుడ్డ పట్టుకుని ఆకులన్నీ తుడుస్తారు. రాలిన పువ్వు నేల మీద కనిపిస్తే చాలు, ఒంటికాలి మీద లేస్తారు. లోపలికి ఈగ దూరకుండా తలుపుకు జాలీ మీద జాలీ కొట్టించారు.

ఆ ఇంటి మధ్యలో ఇనప స్తంభాన్ని పట్టుకుని ఒక ముళ్ళ తీగ కప్పుదాకా పాకి ఉండేది. ఎక్కడో వేడి అడవుల్లోది. బెండ, పత్తి, మందార దీనికి చుట్టాలే, పువ్వు మాత్రం మెంతి గింజంత. మా మామగారు బతికుండగా నాటారు. తోట మొత్తంలో అలాంటిది ఇంకోటి లేదు. ఈ ఏడు దాని వేరుకు కుళ్ళు పట్టింది. కొమ్మలు నాటితే అవీ కుళ్ళాయి. ఇక గింజ ఒక్కటే దిక్కు. చూస్తే అది ఏటా విరగబూసేదే గానీ ఒక్క కాయా కాసి ఎరగదు.

"నాన్న చేతి మొక్క నా చేతుల్లో పోతోందే," అని మా ఆయన కంచం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

అప్పుడే స్తంభాలకు రంగులు వేయడానికి మా అన్నయ్య వచ్చాడు. పనిమంతుడే గానీ తిండిపోతు. రంగు వాసనకు తల తిరుగుతోందని తలుపులు బార్లా తెరిచిపెట్టాడు. నిచ్చెన మీద కూర్చుని అరటిపళ్ళు తినడం, తొక్కలు తీగ మొదట్లోకి విసరడం. రంగు వాసన పడక మా ఆయన రెండు వారాలు అటు తొంగిచూడలేదు. పని అయ్యేసరికి అక్కడంతా కంపు, చిన్న ఈగలు ముసురుకున్నాయి.

"ఇదేమన్నా చెత్తకుప్పా బావా? సిగ్గుండక్కర్లా?" అని మా ఆయన ఇంతెత్తున లేచారు.

"నీ అద్దాలు నువ్వే నాక్కో బావా!" అని అన్నయ్య బ్రష్షు బకెట్లో పడేసి చక్కా పోయాడు.

మా ఆయన మందు కొట్టే డబ్బా భుజాన వేసుకుని ఈగల మీదికి బయల్దేరారు. నేను తొక్కలు ఏరడానికి వంగి, తలెత్తి చూద్దును కదా, కింది కొమ్మలకు పచ్చగా, ముళ్ళు ముళ్ళుగా శనగగింజంత కాయలు! పై కొమ్మలకు ఒక్కటీ లేదు. తొక్కల చుట్టూ తిరిగే ఈగలే ఆ పూల మీదా వాలుతున్నాయి.

"ఆగండి! మందు కొట్టారంటే నా మీద ఒట్టే!" అని అరిచాను.

ఆయన కాయల్ని చూశారు, ఈగల్ని చూశారు. మందు డబ్బా భుజం మీంచి దించి కింద పెట్టారు. "ఇన్నేళ్ళూ గొడ్డుపోయిందని దీన్ని తిట్టానే. రావలసినవాటిని రానివ్వంది నేనే కదా," అన్నారు.

ఆ సాయంత్రం తనే వెళ్ళి అన్నయ్య గుమ్మంలో నిలబడ్డారు. "తప్పయింది బావా. రేపు రా. కడుపునిండా తిను, తొక్కలు అక్కడే పారెయ్." అన్నయ్య కాస్త బెట్టు చేశాడు గానీ, అరటిపళ్ళంటే ఊరుకుంటాడా?

కాయలు ముదరాలి, అందాకా తీగ బతకాలి. రోజూ ఆకులు పండి రాలుతుంటే మా ప్రాణాలు గిలగిల్లాడాయి. చివరికి కాయలు ఎండి పగిలాయి. గింజలు నాటాం, మొలకెత్తాయి.

తీగ మాత్రం నిలువునా ఎండిపోయింది, తీసేయక తప్పలేదు. మా ఆయన వల్ల కాలేదు, అటు తిరిగి నిలబడ్డారు. నేనే పట్టుకుని లాగాను. బలమంతా పెట్టాలేమో అనుకున్నాను, ఒక్క లాగుకే ఊడి వచ్చేసింది. కింద వేరన్నదే లేదు, అంతా పిప్పి. ఆ కాస్త పిప్పి మీద నిలబడి అన్ని కాయల్నీ ముదిరేదాకా ఎలా మోసిందో తల్లి! ఆపుకోలేక అక్కడే కూలబడి ఏడ్చాను.