ఎదురు కిటికీకి కొట్టే గాలి

ఆ సందు ఎంత ఇరుకంటే, రెండో అంతస్తులో ఈ కిటికీలోంచి ఆమె, ఆ కిటికీలోంచి టైలరమ్మ చేతులు చాపితే వేళ్ళు తగలడానికి ఇంకాస్త తక్కువయ్యేది. ఆ ఇంకాస్త కోసమే టైలరమ్మ తన గజంబద్ద వాడేది. బద్ద చివర సంచీ తగిలించి ఇటు చాపేది. పంచదార, సూదులు, తలనొప్పి మాత్రలు, వదులు చెయ్యాల్సిన జాకెట్లు, అన్నీ దాని మీదే ఊరేగేవి. మెట్లు దిగి, వీధి చుట్టి, మళ్ళీ మెట్లెక్కే ఓపిక ఇద్దరిలో ఎవరికుంది కనక?

ఆమె ఒక పెద్ద హోటలు లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. దుప్పట్లూ టేబులు గుడ్డలూ కొండల్లా వచ్చి పడతాయి. ఒకప్పుడు అది పగటి పని. ఎండలు ముదిరి, ఇస్త్రీ బల్లల దగ్గరే మనుషులు కళ్ళు తిరిగి పడిపోవడం మొదలయ్యాక, తెల్లారకముందే రమ్మని వేళలు మార్చేశారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకోవాలి. పడుకోమనడం తేలికే. చుట్టూ గోడలు పెనంలా కాలుతుంటే, ఫ్యాను ఆ వేడినే తిప్పి తిప్పి మొహాన కొడుతుంటే, నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? ఓ రోజు నిలబడే కునుకు తీసింది. ఇస్త్రీపెట్టె కింద టేబులు గుడ్డ మాడిపోయింది. సూపర్‌వైజరు ఆ గుడ్డ ఆమె చేతిలో పెట్టి, "ఇది నువ్వే ఉంచుకో. ఇంకోటి కాలిందా, నువ్వూ ఇంట్లోనే ఉందువుగాని" అన్నాడు.

దాంతో వాయిదాల మీద ఏసీ వచ్చింది. మెకానిక్కు బయటి పెట్టె ఎక్కడ బిగించమంటారని అడిగితే అత్తగారు, "బయటంటే బయటే నాయనా, సందు వైపు పెట్టు. వేడంతా బయటికి పోవాలిగా" అంది. అందరికీ సబబుగానే తోచింది. ఆ మధ్యాహ్నం కోడలు ఎంత ఒళ్ళు తెలియకుండా పడుకుందంటే, అత్తగారు మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి ఎదురు కిటికీ మూసుకుంది. మళ్ళీ తెరుచుకోలేదు. గజంబద్ద రావడం మానేసింది.

"కడుపుమంట" తేల్చేసింది అత్తగారు. "మనింట్లో చల్లగా ఉంటే ఆవిడ కళ్ళల్లో కారం పడింది."

కోడలికీ అలాగే అనిపించింది. అనిపించి మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళ స్నేహం, ఒక మిషను రాగానే ఇంతేనా?

యూనిఫాం జాకెట్టు చంకలో పిగిలిపోయిన రోజున ఇక తప్పక మెట్లు దిగి, చుట్టూ తిరిగి వెళ్ళింది. తలుపు తీసిన టైలరమ్మ భుజాల మీద తడి తువ్వాలు ఉంది. ఆవిడ పసిపిల్ల వట్టి ఒంటితో నేల మీద బోర్లా పడుకుని ఉంది. వీపంతా చెమటకాయలు.

"ఇదేంటి వదినా, కిటికీ మూసుకుని ఉడికిపోతున్నారు?"

"తీస్తే ఇంకా ఉడుకుతాం వదినా" అంది టైలరమ్మ. కోపంగా కాదు, దారం తెగితే మళ్ళీ ఎక్కించుకుంటున్నంత విసుగ్గా. వెళ్ళి రెక్క కొంచెం తెరిచింది. "రా, నువ్వే చూడు."

ఆమె కిటికీలో మొహం పెట్టింది. ఆ వేడి ఆమెకి తెలుసు. ఇస్త్రీ బల్ల మీద తడి దుప్పటి పరిచి పెట్టె ఆనించగానే భగ్గున మొహాన లేచే వేడి. రోజూ దేన్నించి పారిపోయి ఇంటికొస్తోందో, అదే. ఎదురుగా ఆమె ఏసీ పెట్టె, ఆమె గోడ.

"చెప్పొచ్చుగా వదినా!"

"ఏమని చెప్పను? నిద్రపోకు అనా? నీ కళ్ళ కింద నలుపు నాకు కనపడలేదా? అయినా నీ ఒక్కదానిదేనా, సందు పొడుగునా పెట్టెలే."

ఆమె మెకానిక్కుని పిలిచి పెట్టె చోటు మార్చమంది. అతను వచ్చి గోడకి ఆనుకుని చెమట తుడుచుకున్నాడు. "పైకి జరిపితే పైవాళ్ళకి కొడుతుంది, కిందికి జరిపితే కిందవాళ్ళకి. గదిలోంచి తీసిన వేడిని ఎక్కడో ఒకచోట పొయ్యాలి కదమ్మా. ఆ పైన మిషను వేడి అదనం. బయట ఎండ పెరిగే కొద్దీ జనం కొంటారు, కొనే కొద్దీ బయట ఇంకా పెరుగుతుంది. నాకు మాత్రం తీరిక లేదు" అని నీరసంగా నవ్వి వెళ్ళిపోయాడు.

"మా చిన్నప్పుడు ఎండకి సిగ్గుండేది, సాయంత్రానికి వెళ్ళిపోయేది" అంది అత్తగారు. "ఇప్పుడు ఇంటల్లుడిలా తిష్ట వేసింది. టీవీలో ఆయనేమో చెట్లు నాటండి అంటాడు. ఎక్కడ నాటను, ఆ పెట్టె నెత్తినా?"

మర్నాడు కోడలు ఏసీ కట్టేసి పడుకుంది. పడుకుందే గాని కన్ను మూతపడలేదు. ఆ మర్నాడు పనిలో ఇస్త్రీపెట్టె గుడ్డ మీదే ఆగిపోయింది. పక్కావిడ మోచేత్తో పొడవబట్టి సరిపోయింది, లేకపోతే ఉద్యోగం ఆ పూటతో సరి.

ఇంటికి పోకుండా నేరుగా టైలరమ్మ గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. "అది లేకుండా నా వల్ల కావట్లేదు వదినా. నువ్వే పిల్లనీ కుట్టుమిషనునీ తీసుకుని మా గదికి రా."

"మిషను చప్పుడికి నీకు నిద్ర పడుతుందా?"

"లాండ్రీ చప్పుళ్ళలో నిలబడే నిద్రపోతున్నాను. నాకు నీ మిషనొక లెక్కా?"

టైలరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. పిల్ల వీపు కేసి చూసి ఒప్పుకుంది. మిషను మెట్లెక్కించేసరికి ఇద్దరికీ ప్రాణాలు గొంతులోకొచ్చాయి. గదిలో అడుగు తీసి అడుగేసే చోటు లేదు. అత్తగారు ఎదురొచ్చి, "కడుపుమంట చల్లారిందా అమ్మా?" అని నోరు జారింది.

"కడుపు కాదు పిన్నిగారూ, వీపు" అని పిల్ల వీపు చూపించింది టైలరమ్మ. అత్తగారు పిల్లని ఎత్తుకుంది.

ఇంతమంది ఊపిర్లకి గది మునుపటిలా చల్లబడలేదు. పడమటి ఎండ సందు వెంట ఏటవాలుగా వచ్చి కిటికీలోంచి మంచం మీదకి కాస్తోంది. టైలరమ్మ అటూ ఇటూ చూసి, "మందపు గుడ్డేమైనా ఉందా?" అంది. ఆమె ట్రంకుపెట్టెలోంచి ఆ మాడిన టేబులు గుడ్డ తీసిచ్చింది. టైలరమ్మ దాన్ని పాత దుప్పటితో కలిపి కుట్టి, కిటికీ బయటి వైపు కట్టింది. ఇస్త్రీపెట్టె ఆకారంలో మచ్చ సందులోకి చూస్తూ వేలాడింది.

రెండు రోజులు పోయాక చూస్తే గది కాసేపు ఏసీ లేకుండా ఓర్చుకుంటోంది. ఎక్కువసేపేం కాదు. పిల్ల కునుకు తీసేంత. టైలరమ్మ ఏసీ మీట నొక్కింది. పెట్టె గుర్రుమని ఆగింది.

ఆమె నిద్రమత్తులోనే తలెత్తింది. "కరెంటు పోయిందా?"

"లేదు, మనమే ఆపాం."

"మరి చప్పుడు?"

ఇద్దరూ చెవి ఒగ్గారు. సందు పొడుగునా, పైనా కిందా, మిగతా పెట్టెలు హోరుమంటున్నాయి. తమది ఆగినట్టు ఎవరికీ తెలిసే వీల్లేదు.

"వాళ్ళందరికీ ఎవరు చెప్తారు వదినా?" అంది ఆమె. నాలుక కూడా అలిసిపోయింది.

టైలరమ్మ పళ్ళతో దారం తెంపింది. "చెప్పడానికి ముందు నువ్వు నిద్రపోవాలిగా. పడుకో. లేచాక కిందింటావిణ్ణి కదిపి చూద్దాం. ఆవిడకీ ఓ మందపు తెర కుడతాను. కిటికీ కొలత నా దగ్గరుంది."