కొయ్యకాళ్లు, బెల్లం నీళ్లు

సంగీత కోత తర్వాత మిగిలిన వరి కొయ్యకాడ పట్టి లాగింది. గట్టిగా, వేర్లతో సహా ఊడొచ్చింది. ఈపాటికి చేతిలో చివికిపోవాల్సింది.

గట్టు మీద నిలబడి చూస్తున్నాడు పొలం ఆసామి శంకరయ్య.

"అచ్చే ఐతారం దాక ఆగుత కొమురమ్మా. గప్పటికీ మురగకుంటె అగ్గిపెట్టిస్త. కౌలు బుచ్చన్నకిస్త," అని సంగీత తల్లితో అనేసి పోయాడు.

జన్మంతా కూలి చేసిన కొమురమ్మకు మొదటిసారి దక్కిన కౌలు పొలం అది. కొయ్యకాళ్లు కాల్చొద్దని, మురగబెట్టే సూక్ష్మజీవుల్ని జగిత్యాల ల్యాబ్ నుంచి మోసుకొచ్చింది కూతురు సంగీతే. బీర్పూర్ ఊరంతా నవ్వినా తల్లి ఆమె మాటే నమ్మింది. ఇంటికి దీపమవుతుందని చదివిస్తే తను కొంపే అంటించేలా ఉంది!

బావి దగ్గర డ్రమ్ము చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. వాసన చూసింది. బెల్లం.

"గిదేందవ్వా?"

"బెల్లం నీళ్లు బిడ్డా. రోజు పొద్దుగాల పొలమంత చల్లుతున్న. మందు కలిపిననాడు నువ్వే ఏసినవు గద?"

"గది ఒక్కసారే, అవి పెరిగేతందుకు! రోజెందుకు?"

కొమురమ్మ తెల్లబోయింది. "కూలికి, కైకిలికి అచ్చినోల్లకు బువ్వ పెట్టకుంట పని చెప్తమా?"

సంగీత తల పట్టుకుంది. ఆ సూక్ష్మజీవి ఒంటి మీద ఒక ప్రొటీన్ కావలి కాస్తుంటుంది. తీపి దొరికినన్నాళ్లూ ఊరుకుంటుంది. కరువైతేనే లోపలి ప్రొటీన్‌కు కబురు పెడుతుంది. ఆ కబురు అందాకే గడ్డిని కరిగించే ఎంజైమ్ తయారవుతుంది. రోజూ విందు నడుస్తుంటే కబురెందుకు పోతుంది?

ఇదంతా విడమరిచి చెప్పి, "వాటిని ఉపాసముంచాలె అవ్వా. ఆకలైతెనే పని చేస్తయి," అంది.

కొమురమ్మ డ్రమ్ము మీది ఈగల్ని తోలింది.

"మాతోని గట్లనే చేయించుకున్నరు బిడ్డా. నా చేతికి పొలమొస్తె ఒక్క పానం గూడ ఉపాసంతోని పని చేయొద్దనుకున్న."

అంటూ తనే లేచి డ్రమ్ము బోర్లించింది.

ఆ తర్వాత సంగీతకు తిండి సహించలేదు. రోజూ పొద్దున్నే పోయి ఓ కాడ లాగి చూసేది. రానురాను కాడలు మెత్తబడుతున్నట్టే ఉన్నాయి, తన ఆశేనేమోనని భయం.

ఆదివారం శంకరయ్య అన్నట్టే వచ్చాడు. వంగి తనే ఓ కాడ లాగాడు. నల్లగా చివికి చేతికంటుకుంది. ఇంకోటి లాగాడు. అదీ అంతే. చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"దున్నుకో," అని వెళ్లిపోయాడు.

సంగీత గట్టు మీదే కూలబడి ఏడ్చేసింది. తేరుకొని చూస్తే పక్కన తల్లి లేదు. కాసేపటికి బావి దగ్గర నుంచి బిందెతో వచ్చింది, బెల్లం వాసన ముందే తెలిసింది.

"పనైపోయింది గద బిడ్డా," అంది కొమురమ్మ భయంభయంగా. "ఇగనన్న వాటికి పెట్టొచ్చా?"