పరిగె హక్కు

నాగభూషణం గారి పెద్దపాలేరు చెప్పుకాలితో రావమ్మ చేతిని తొక్కాడు. ఆ చేతిలో ఉన్నవి పిడికెడు వరికంకులు. కోత అయి, పనలు ఎత్తుకుపోయాక మడిలో రాలి మిగిలిన పరిగె. రావమ్మ తల్లి ఏరింది, ఆమె తల్లీ ఏరింది. ఈ ఏడు మాత్రం కామందు నాగభూషణం ఆ మళ్ళను బాతులు మేపుకునేవాళ్ళకు అమ్ముకున్నాడు.

కాలవగట్టు మీంచి జీవరత్నం పరుగెత్తుకొచ్చింది.

"తియ్యి కాలు."

"నీ చదువు పట్నంలో చూపించుకో," అన్నాడు పాలేరు. కాలు తీసేసరికి రావమ్మ వేళ్ళు విరిగాయి.

జీవరత్నం రావమ్మ ఉండే కూలిపేట పిల్లే. మిషన్ బడిలో అక్షరాలు దిద్ది, ఎం.ఏ. పూర్తిచేసి, డాక్టరేటుకు చేరింది. ఆనకట్ట కట్టాక కృష్ణా డెల్టాలో కూలీల బతుకు ఏమైందన్నది ఆమె పరిశోధన. నీళ్ళొచ్చాయి. భూముల ధర పెరిగింది. బెజవాడ వన్ టౌన్‌లో బియ్యం గోడౌన్లు లేచాయి. పండించినవాళ్ళకు రాలిన కంకి మిగిలింది. ఇప్పుడు అదీ బాతుల పాలైంది.

ఆమె గైడు తిరుపతిరావు గారు నాగభూషణానికి వియ్యంకుడు.

"పరిగెని హక్కు అని రాశావేంటమ్మా? అది రైతు దయ. దిద్దుకురా," అన్నాడాయన.

"దయైతే వేళ్ళెందుకు విరగ్గొట్టారండీ?"

"చరిత్రకి ఆవేశం పనికిరాదు. అసలే ఎమర్జెన్సీ. ఈ అధ్యాయం ఇలాగే ఉంటే నేను సంతకం పెట్టను."

ఆయన సంతకం లేకపోతే పట్టా లేదు. తల్లి తెరేసమ్మ నాట్లేసి చదివించిన చదువంతా వృథా. హాస్టలుకొచ్చి 'దయ' అని రాసింది. ఆ మాట మళ్ళీ చదివింది. కొట్టేసి, ఊరి బస్సెక్కింది.

ఆ రోజుల్లో సభలు నిషేధం. అందుకని ఆదివారం ప్రార్థన అయ్యాక పేట జనం మిషన్ గుడి తలుపులు మూసి చాపల మీదే కూర్చున్నారు. కామందు పనలు ఇంకా చాలా మళ్ళలోనే ఉన్నాయి. సముద్రం వైపు మబ్బు పట్టింది; వానకు తడిస్తే పంట పోయినట్టే.

"పరిగె ఏరనిచ్చేదాకా కుప్పలు వెయ్యొద్దు," అంది జీవరత్నం.

సంఘపెద్ద బాలశౌరి లేచాడు. "పోలీసులొస్తే నువ్వు పట్నం పోతావు. మేం ఎక్కడికి పోవాల? ఆయన చేలో తప్ప మాకు పనెక్కడుంది?"

"నేను పోను బాబాయ్."

"అట్టా అన్నోళ్ళని చాలామందిని చూశాంలే."

రావమ్మ కట్టు కట్టిన చెయ్యి పైకెత్తింది.

"ఆ పిల్ల ఉంటే ఉంటది, పోతే పోతది. విరిగింది నా చెయ్యి. రేపు నేను పనిలోకి పోను. పోయేదెవరో చెప్పండి."

తెరేసమ్మ లేచి, "నేనూ పోను," అంది. ఆ వెనక ఆడవాళ్ళంతా అన్నారు. బాలశౌరి తువ్వాలుతో మొహం తుడుచుకుని, "సరే. పొయ్యి వెలక్కపోతే మాత్రం నన్ను తిట్టొద్దు," అంటూ కూర్చున్నాడు.

మర్నాడు కామందు కొల్లేటి వైపు నుంచి లారీలో కూలీలను రప్పించాడు. పేట ఆడవాళ్ళు దారికడ్డంగా కూర్చున్నారు.

లారీ మీంచి కొండలమ్మ అనే ఆమె వంగి చూసింది. "లేవండమ్మా. మా పిల్లలకీ కూడు కావాలిగా."

"మాకూ కావాలమ్మా," అంది రావమ్మ. "కొల్లేట్లో కంట్రాక్టరు మీ వలలు లాక్కుంటే, మేమొచ్చి వాడికి చేపలు పట్టిపెడితే ఊరుకుంటారా?"

కొండలమ్మ మొహం మాడిపోయింది. "ఆ వలలు లాక్కుంటేనే కదమ్మా ఇట్టా వచ్చాం." చీర దోపుకుని కిందికి దిగింది. ఒకరి తరవాత ఒకరు లారీ ఖాళీ చేశారు.

అంతలో పోలీసులొచ్చారు.

"యూనివర్సిటీ పిల్లవి నువ్వేనా?" అన్నాడు ఎస్సై. "రెచ్చగొడుతున్నావని మీ ప్రొఫెసరు గారే చెప్పారు. తప్పయిందని రాసివ్వు, వదిలేస్తా."

పేటంతా ఆమె వైపే చూసింది. అప్పటికే బాలశౌరిని జీపులోకి నెట్టారు. జీవరత్నం ఏమీ రాసివ్వకుండా జీపెక్కింది. బాలశౌరి పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఆ జీపుతో ఆమె డాక్టరేటు పోయింది. గైడు సంతకం ఎన్నడూ పడలేదు.

జీపు కాలవగట్టు ఎక్కుతుంటే ఆమె వెనక్కి చూసింది. పేట ఆడవాళ్ళూ కొల్లేటి ఆడవాళ్ళూ కలిసి కోసిన మడిలోకి దిగుతున్నారు. బాతులు చెదిరిపోయాయి. పోలీసులు లాఠీలతో వెంటబడ్డారు. ఆడవాళ్ళు తలెత్తలేదు, ఏరుతూనే ఉన్నారు. దెబ్బకు తెరేసమ్మ కూలింది. కొండలమ్మ ఆమె ఒళ్ళోని కంకులు తన ఒళ్ళో పోసుకుని, మళ్ళీ మడిలోకి వంగింది.