వీధి బరువు

సంచిలో రెండు గౌన్లు, స్వెటరు, దువ్వెన, పళ్ళపొడి పెట్టాను. ఎందుకైనా మంచిదని మూడో గౌను కూడా పెట్టాను. గౌన్లు మూడైతే ప్రయాణం పెద్దదైపోతుందేమోనని భయమేసి, ఒకటి తీసి బీరువాలో దాచాను.

"రెండు రోజులకేగా అమ్మమ్మా!" అంది బంతి.

బంతి నా మనవరాలు. తొమ్మిదేళ్ళు. బొద్దుగా ఉంటుందని వీధంతా అలాగే పిలుస్తుంది. తల్లీతండ్రీ లేని పిల్ల కావడంతో నా దగ్గరే పెరిగింది. దాన్ని వదిలి నేను ఒక్క రోజైనా ఉండలేదు.

"రెండు రోజులకేనే తల్లీ. పెద్దమ్మని విసిగించకు."

"నేను వెళ్ళిపోతే ఇక్కడ ఎవరు సన్నబడతారు?"

"వీధి సన్నబడుతుంది."

ఇదంతా డ్రిల్లు మాస్టారు పెట్టిన కమిటీతో మొదలైంది. మా వీధి పిల్లలు పదకొండు మందీ బేకరీ మెట్ల మీదే పెరుగుతున్నారని ఆయన బాధ. అది నిజమే. కమిటీవాళ్ళు ఇంటింటికీ తిరిగి చిప్స్ ప్యాకెట్లు లాక్కుని, క్యారెట్లు చేతిలో పెట్టారు. పొద్దున్నే పిల్లల్ని పరిగెత్తించారు. బరువు చూడడానికి మాత్రం పాత ఇనుము కొట్టులో ఉన్న పెద్ద కాటా ఒక్కటే దొరికింది. వంద కిలోలకు తక్కువైతే దాని ముల్లు కదలదు. అందుకని పదకొండు మందినీ ఒకేసారి ఎక్కించారు. మూడు వందల తొంభై కిలోలు! నెలాఖరుకు మూడు వందల యాభైకి దించితే వీధికి షీల్డు ఇస్తామని పై అధికారులు చెప్పారు.

నెలంతా పరిగెత్తితే రెండు కిలోలు తగ్గాయి. మాస్టారు వచ్చి మా మెట్ల మీద కూలబడ్డారు.

"ఇంకా ముప్ఫై ఎనిమిదమ్మా! ఎవరి ఒంట్లోంచి తియ్యను?"

మొన్న జ్వరమొచ్చినప్పుడు డాక్టరు తూస్తే బంతి సరిగ్గా ముప్ఫై ఎనిమిది కిలోలుంది. నా నోరు ఊరుకోలేదు.

"ఆ పూటకి మా పిల్ల ఊళ్ళో లేకపోతేనో?" అన్నాను.

మాస్టారు లేచి నాకు దండం పెట్టారు.

ఆదివారం పది మంది కాటా ఎక్కారు. మూడు వందల యాభై. ఇనుము కొట్టతను కాటాకు పూలదండ వేశాడు. షీల్డుతో పాటు ఒక కాగితం కూడా వచ్చింది. ఇక ప్రతి నెలా తూస్తారట. బరువు పెరిగితే షీల్డు వెనక్కి తీసుకుంటారట.

"పిల్లొచ్చిందంటే వీధి మళ్ళీ లావెక్కుతుందమ్మా. ఒక్క నెల ఓపిక పట్టండి" అన్నారు మాస్టారు.

"షీల్డుని ఇక్కడ పెట్టి, పిల్లని పరాయి ఊళ్ళో పెట్టమంటారా?"

"ఉపాయం మీదే కదమ్మా!"

నేను వెంటనే పెద్దమ్మాయికి ఫోను చేసి పిల్లని బస్సెక్కించమన్నాను.

"ఎలా పంపనే అమ్మా! మా వీధి పిల్లలంతా పుల్లలు. బరువు పెంచాలని ఇక్కడా కమిటీ ఉంది. బంతి కాటా ఎక్కగానే మాకూ షీల్డు వచ్చింది. వీళ్ళు దీన్ని వదిలేలా లేరు. అప్పుడే బళ్ళో పేరు కూడా రాయించేశారు."

ఫోను బంతి లాక్కుంది.

"అమ్మమ్మా! ఇక్కడ నన్నెవరూ పరిగెత్తించడం లేదు. రోజూ రెండు గుడ్లు పెడుతున్నారు. ఆ మూడో గౌను కూడా పంపించవూ?"

పంపించాను.

అందరికీ కనబడాలని షీల్డును బేకరీ అద్దాల బీరువాలో పెట్టారు. బంతి సోమవారం పదకొండు గంటల బస్సుకు రావాలి. ఆ సోమవారం రాలేదు. ఆ తర్వాత ఏ సోమవారమూ రాలేదు.