పట్టించుకోనక్కరలేని పేర్లు

విజయశ్రీకి తన చేతిపని మీద మహా గర్వం. ఉండదా మరి? దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, చీరల దుకాణం పై అంతస్తులో, విశ్వేశ్వరరావు గారి మ్యాపుల కంపెనీలో ఆరు యూనిక్స్ వర్క్‌స్టేషన్లూ, వాటి మీద పెత్తనం చేసే ఒక సర్వరూ ఉన్నాయి. ఆ ఏడూ ఆమె మాటే వింటాయి. ఎక్కడెక్కడి దేశాల భూముల పటాలో వస్తే, ఆరుగురు కూర్చుని గీత గీతా కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. మెషీన్ మొరాయించిందంటే అందరి నోటా ఒకటే పేరు. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, ఎల్బీనగర్‌లో ఒంటి గది కిరాయికి తీసుకుని, కోచింగ్ సెంటర్ల సందుల్లో యూనిక్స్ నేర్చుకున్న పిల్ల అంతటిదైంది.

నేర్పింది సాంబమూర్తి గారు. కాకినాడ మనిషి, మహా చాదస్తుడు. సిస్టమ్‌లో ఏ ఫైలు మార్చినా దాని నెత్తి మీద మూడు సంగతులు రాసి తీరాలనేవాడు: ఎవరు మార్చారు, ఏ రోజు మార్చారు, ఎవరు చెప్తే మార్చారు. “మొదటి రెండూ అందరూ రాస్తారర్రా, మూడోది రాయడానికే మొహమాటపడతారు. ఆ మొహమాటమే కొంప ముంచుతుంది” అని క్లాసులో రోజూ సణిగేవాడు. వెనక బెంచీలో విజయశ్రీ నవ్వుకునేది. ఆ నవ్వు తర్వాత ఆమెకు చాలాసార్లు గుర్తొచ్చింది.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. విజయశ్రీ ఎల్బీనగర్ నుంచి ఆఫీసుకు రోజూ నడిచి వచ్చేది. అలా చెమటలు కక్కుకుంటూ వచ్చిన ఒక పొద్దున విశ్వేశ్వరరావు గారు తన గదిలోకి పిలిచారు.

“చూడమ్మా విజయా, క్లయింట్ వాళ్లు ప్రాణం తీస్తున్నారు. ఏ మెషీన్లో ఎవరు ఎప్పుడు కూర్చున్నారు, ఎప్పుడు లేచారు, ఏం తేడా వచ్చింది, అన్నీ ఒకచోట కనబడాలిట. సాయంత్రం ఆరింటికల్లా నాకు మెయిల్ వచ్చేట్టు చెయ్యి తల్లీ.”

“చేస్త సార్. అదెంత పని?” అంది.

పనే. ప్రతి మెషీనూ తనలో జరిగిందంతా లాగ్ ఫైల్లో రాసుకుంటూనే ఉంటుంది. ఆ ఆరు లాగులూ ఎప్పటికప్పుడు సర్వర్‌కు చేరేలా చెయ్యాలి. వాటిని చదివి రిపోర్టు తీసే సాఫ్ట్‌వేర్ సర్వర్‌లో ఎక్కించాలి. రెండు రోజులు తిండి కూడా సరిగ్గా తినలేదు. ఐదు మెషీన్లు బుద్ధిగా మాట్లాడాయి. ఆరోది పెదవి విప్పదు. పూటంతా జుట్టు పీక్కుంటే చివరికి తేలిందేమిటి? సెట్టింగుల ఫైల్లో ట్యాబ్ కొట్టాల్సిన చోట స్పేస్ కొట్టింది! తనను తాను తిట్టుకుని, సరిచేసి, సర్వీసును మళ్లీ మొదలుపెట్టగానే లాగులు జలజలా వచ్చిపడ్డాయి. ఆ సంతోషం ఆ పని చేసేవాళ్లకే తెలుస్తుంది.

మొదటి రోజు రిపోర్టు ముప్పై పేజీలొచ్చింది. విశ్వేశ్వరరావు గారు అది పట్టుకుని హాల్లోకి వచ్చి విజయశ్రీ కుర్చీ వెనక నిలబడ్డారు.

“ఇంత చెత్త ఎవడు చదువుతాడమ్మా?”

“అక్కర్లేనివి రాకుండ చెయ్యొచ్చు సార్. వాటికి వేరే ఫైలుంది. అండ్ల ఏది రాస్తే అది రిపోర్టుల రాదు. అసలు లాగ్‌ల మాత్రం ఉంటది.”

“అలాగా? అయితే ఉపేంద్ర, పట్టాభి పేర్లు అందులో రాసెయ్యి. బ్యాకప్పులనీ టేపులనీ వాళ్లు రోజుకి పదిసార్లు లేస్తూనే ఉంటారు. ఆ గోలంతా నాకెందుకు?”

నిజమే అనిపించింది. ఆరుగురిలో బ్యాకప్పులు తీసేది, అంటే రోజు పనిని టేపుల మీద నకలు చేసి దాచేది, వాళ్లిద్దరే. పక్క కుర్చీలోనే ఉన్న ఉపేంద్ర అది విని నవ్వాడు కూడా. విజయశ్రీ ఆ ఫైల్లో రెండు పేర్లూ టైపు కొట్టింది. పైన తన పేరు రాసింది, తేదీ రాసింది. ‘విశ్వేశ్వరరావు గారు చెప్తే’ అని కొట్టబోయింది.

“మనలో మనకెందుకమ్మా ఈ రాతకోతలు? నా మీద నమ్మకం లేదా ఏంటి?” అన్నారాయన, భుజం మీద నుంచి తొంగిచూస్తూ.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. అన్నం పెట్టే మనిషిని అనుమానించినట్టు అయిందే అని సిగ్గుపడి, కొట్టిన రెండక్షరాలూ చెరిపేసింది.

మూడో మెషీన్ దగ్గర కూర్చునేది మట్టయ్య. విజయశ్రీ వాళ్ల పక్క ఊరు. డిగ్రీ చేసి ఏడాదిపాటు ఖాళీగా తిరుగుతుంటే ఆమే తీసుకొచ్చి, నెల రోజులు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పి, సార్‌ను బతిమాలి ఉద్యోగంలో పెట్టించింది. అతనికి ఆమె అక్క. టీ తాగినా ‘అక్కా తాగినవా’ అని అడిగిగానీ తాగడు.

సమ్మె రోజుల్లో మధ్యాహ్నం పూట అతను లేచేవాడు. “గీ దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తల మనోళ్లు రోడ్డు మీద కూసున్నరక్కా. నేను గూడ జరసేపు కూసొని ఒస్త. నా పని పొద్దుమీకి నేనే ముగిస్త.”

“పో, గాని జల్ది రా. లాగౌట్ కొట్టుడు మర్వకు” అనేది ఆమె. కుర్చీలోంచి లేస్తే లాగౌట్ కావాలన్నది అక్కడి నియమం. మట్టయ్య ఒక్కరోజూ మర్చిపోలేదు. గంటలో వచ్చేవాడు, సాయంత్రం గంటన్నర ఎక్కువ కూర్చునేవాడు. ఉపేంద్ర, పట్టాభి కూడా లేచేవాళ్లు. బ్యాకప్ అయిపోయాక ఇరానీ చాయ్‌కి వెళ్లేవాళ్లు, రెండుసార్లు మ్యాట్నీకి కూడా వెళ్లారు. ఎవరి గొడవ వాళ్లది, ఆమె ఎవర్నీ ఏమీ అనలేదు.

అక్టోబరులో ఒక శుక్రవారం విశ్వేశ్వరరావు గారు మట్టయ్యను పిలిచి రిపోర్టులు ముందు పడేశారు. పదకొండు చోట్ల ఎర్ర సిరాతో గీతలున్నాయి.

“పని వేళలో పదకొండు సార్లు మాయమయ్యావు. నేననడం లేదయ్యా, మెషీన్ అంటోంది. రేపట్నుంచి రావద్దు.”

సంగతి తెలిసి విజయశ్రీకి ఒళ్లు మండిపోయింది. అసలు లాగ్ తెరిచింది. బ్యాకప్పుల కోసం లేచినవి తీసేసినా ఉపేంద్ర పద్దెనిమిది సార్లు, పట్టాభి ఇరవై రెండు సార్లు. ప్రింటు తీసి సార్ బల్ల మీద పెట్టింది.

“గిది గూడ సూడుండ్రి సార్. లేచినందుకే తీస్తె ముగ్గుర్నీ తియ్యాలె. లేకుంటె మట్టయ్యను ఉంచుండ్రి.”

ఆయన నింపాదిగా చదివారు. “అయ్యయ్యో! మరి ఇవి నా రిపోర్టులోకి ఎందుకు రాలేదమ్మా?”

“మీరే గద సార్ తీసెయ్యమన్నరు!”

“నేనా? ఆ ఫైలేదో తియ్యి. అందరి ముందూ చూద్దాం.”

హాల్లో అందరూ ఆమె తెర చుట్టూ చేరారు. ఫైలు తెరుచుకుంది. పైన విజయశ్రీ పేరు, తేదీ. కింద ఉపేంద్ర, పట్టాభి పేర్లు. ఇంకేమీ లేదు. సాంబమూర్తి గారి సణుగుడు ఆమె చెవిలో గింగురుమంది.

“ఉపేంద్రా, ఆ రోజు నువ్వు ఈ పక్కనే ఉన్నవ్ గద. సార్ చెప్పింది విన్నవ్ గద. చెప్పు!”

ఉపేంద్ర కీబోర్డు వైపే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. “ఏమోనండీ... నాకు గుర్తులేదు.”

“పోన్లే అమ్మా” అన్నారు విశ్వేశ్వరరావు గారు, ఎంతో దయగా. “తెలిసో తెలియకో చేశావు. నీ ఉద్యోగానికి వచ్చిన ఢోకా ఏం లేదు. నేను మనసులో పెట్టుకోను.”

తిట్టినా బాగుండేది. క్షమించి ఆమెను అక్కడికక్కడే చంపేశాడు మనిషి. మట్టయ్య ఆ తెర వంకా ఆమె వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

“నేను కాదురా మట్టయ్యా! సార్ చెప్తేనే రాసిన. నీ మీద ఒట్టు.”

“మరి సార్ చెప్పిండని అండ్ల రాయలే?” అని అడిగాడు. కోపం లేదు గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఎందుకు రాయలేదని చెప్పాలి? మొహమాటపడ్డానని చెప్పాలా?

అతను మూడో మెషీన్ దగ్గరికి వెళ్లి లాగౌట్ అయ్యాడు. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, “ఒస్త మేడమ్” అన్నాడు.

మేడమ్! విజయశ్రీ లేచింది. అలవాటు కొద్దీ లాగౌట్ కొట్టి మరీ లేచింది, పాపిష్టి అలవాటు. మెట్లు దిగి రోడ్డు మీదికి పరిగెత్తేసరికి ఎల్బీనగర్ వైపు ఊరేగింపు సాగుతోంది. మట్టయ్యా మట్టయ్యా అని గొంతు చించుకుంది. ఆ నినాదాల హోరులో ఎవరికి వినబడుతుంది? అరగంట వెతికి, ఏడ్చి, ముఖం తుడుచుకుని మళ్లీ పైకి వచ్చింది.

ఆరింటికి రిపోర్టు వచ్చింది. ఆ రోజు పని వేళలో లేచినవాళ్లు ఇద్దరే ఉన్నారు అందులో. ఒకరు మట్టయ్య, రెండోది ఆమే. గదిలోంచి విశ్వేశ్వరరావు గారు ఎర్ర పెన్ను ఎక్కడుందని అడుగుతున్నారు.