అతుకు కిందికి పోయిన ఊరు

మా ఖండాన్ని నేను చేత్తో నిమరని రోజు లేదు. గ్లోబులు తయారుచేసే కార్ఖానాలో నాది అతికించే పని. రెండు కొసలా సన్నగా, నడుమ వెడల్పుగా ఉండే కాగితపు చీలికలకు జిగురు రాసి, బంతి మీద ఒకదాని పక్కన ఒకటి పరుస్తాను. తడిసిన కాగితం జారుతుంది, సాగుతుంది. ఈ చీలికలో సగం ఉన్న నది పక్క చీలికలోని సగంతో సరిగ్గా కలవాలి. కలవకపోతే మేస్త్రీ ఊరుకోడు.

మేముండేది ఖండం అంచున, సముద్రం పక్కన. జనాభా గ్లోబు మీద ఇక్కడంతా ఎర్ర చుక్కలే, ఆవాలు ఒలికినట్టు. ఒక్కో చుక్క లక్షమందట. నదుల వెంబడి కూడా చుక్కలున్నాయి. నడిమధ్యన మాత్రం ఉత్త పసుపు రంగు. మా అమ్మాయి ఉన్నది అక్కడే, సరిగ్గా రెండు చీలికలు కలిసేచోట చీమంత అక్షరాల్లో పేరున్న ఊళ్ళో. బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో చూసి చెప్పే ఉద్యోగం దానిది.

జీపు తిరగబడితే? పామే కరిస్తే? ‘అమ్మా’ అని అరిస్తే పలకడానికి ఒక్క చుక్కయినా లేదే!

"చుక్క లేదంటే మనుషులు లేరని కాదే తల్లీ, లక్షమంది లేరని," అంది పక్క బల్ల దగ్గర పనిచేసే అక్క. "నీ కూతురికి తోడు లక్షమంది కావాలా ఏంటి?"

"తొంభై వేలున్నా సరిపెట్టుకుంటాలే అక్కా."

అక్క పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మొన్న అమ్మాయి ఫోన్ చేసింది. "ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారమ్మా. శుక్రవారం లోగా చెప్పాలి. నువ్వు వద్దంటే వచ్చేస్తాను."

ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికేముంది? ‘వచ్చెయ్’ అనే మాట నాలుక చివరే ఉంది. దాని మంచం మీద దుప్పటి కూడా మార్చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రీ నా బల్ల దగ్గరకొచ్చి బంతిని తిప్పి, ఆగాడు.

"ఏంటమ్మా ఇది? ఖండం కుంచించుకుపోయింది!"

చూస్తే నిజమే. చీలికను మా తీరం వైపుకి జరిపి అతికించేశాను. నది విరిగిపోయింది. అవతలి పక్క తెల్లగా ఖాళీ మిగిలింది. పక్కనున్న బంతీ అంతే. పొద్దుట్నుంచి చేసినవన్నీ అంతే.

"చెయ్యి దానంతటదే జరుపుతోందయ్యా," అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

అక్క వంగి చూసింది. "దగ్గరికి లాక్కున్నావు, బాగానే ఉంది. మరి పిల్లేదే?"

వెతికాను. ఆ ఊరి పేరు లేదు. అతుకు కిందికి పోయింది. గోటితో గీరాను, జిగురు అప్పటికే బిగిసిపోయింది.

మేస్త్రీ తిడతాడనుకున్నాను. "వెళ్ళి మొహం కడుక్కోండి," అని వెళ్ళిపోయాడు.

కుళాయి దగ్గరుండగానే ఫోన్ మోగింది.

"ఏమంటావమ్మా?"

"నీ ఇష్టం."

"నీ ఇష్టం అంటే నీ లెక్కలో వద్దనేగా!"

నేను బదులు చెప్పేలోగా, వెనక ఎవరో ఆడమనిషి గట్టిగా పిలవడం వినబడింది.

"ఎవరే అది?"

"పక్కింటావిడ. అన్నానికి రమ్మంటోంది. నేను వెళ్ళేదాకా తను ముట్టదు."

"మంచిదేనా?"

"అచ్చం నీలాగే. నేను కాస్త ఆలస్యమైతే వీధిలోకొచ్చి నిలబడుతుంది, జీపు తిరగబడిందేమోనని."

ప్రాణం కుదుటపడింది. ఈర్ష్యా కలిగింది. నా పిల్ల కోసం వీధిలో నిలబడే పని ఇంకెవరో చేస్తున్నారు.

"ఉండు," అన్నాను.

"ఏంటీ?"

"అక్కడే ఉండు, రెండేళ్ళూ."

నోరు జారిన మాటను వెనక్కి లాక్కుందామా అంటే, అది అప్పటికే సగం ఖండం దాటిపోయింది.

"నిజంగానా అమ్మా?"

"నిజమేలే. వెళ్ళు, ఆవిడ ఆకలితో కూర్చుని ఉంటుంది," అన్నాను. అంటూనే ఫోన్‌ను చెవికి ఇంకాస్త గట్టిగా అదుముకున్నాను.