చెయ్యెత్తిన మేనమామ

షివూతేని పశువులదొడ్లో గుంజకు కట్టేసి రెండు రోజులైంది. మగవాళ్ళు వచ్చి తన్నిపోయారు, ఆడవాళ్ళు రోకళ్ళతో పొడిచిపోయారు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి, పెదవులు చిట్లి, ఆ మొహం సొంత తల్లి కూడా గుర్తుపట్టలేనట్టు తయారైంది. అయినా వాడి ప్రాణం మాత్రం, కొడుకుని పోగొట్టుకున్న కౌనపావా ఎవ్వరినీ తియ్యనివ్వలేదు. వాళ్ళది తల్లి వైపు నుంచి నడిచే వంశం. మేనల్లుడి నెత్తుటికి బదులు తీర్చుకునే హక్కు మేనమామది, ఇంకొకడిది కాదు. ఆ మేనమామ, ఆవిడ తమ్ముడు హౌఫికూ, రాజధానిలో ఉన్నాడు. అతను వచ్చేదాకా వాడికి ఆవిడే నీళ్ళు పోసింది, నోరు తెరవకపోతే చెంప పగలగొట్టి మరీ పోసింది.

షివూతే పక్క ఇంటివాడే. యుద్ధంలో తెల్లవాళ్ళ పోలీసు దళంలో చేరి, ఇసుకలో అడుగుల జాడ చూసి మనుషుల్ని పట్టించే పని చేశాడు. మూడేళ్ళ కిందట, తెల్లవాళ్ళ మీద పోరాడుతున్న ఆవిడ కొడుకు తంగేని సరిహద్దు దాటి తల్లిని చూసుకోవడానికి వచ్చాడు. తుపాకీ పక్కన పెట్టి ఒక్క దోసెడు సజ్జ అంబలి తాగాడు, అంతే. తెల్లారేసరికి షివూతే ఆ జాడ పట్టేశాడు. దళం వాళ్ళు చెట్టంత కొడుకుని కాల్చి, బండి ముందు చక్రం మీద రేకుకి తాళ్ళతో కట్టి, ఊరి చుట్టూ మూడుసార్లు తిప్పారు. ఆవిడ గుమ్మం ముందు ఆపి వీడెవరని అడిగారు. తన కొడుకంటే మిగిలిన ఇద్దరు ఆడపిల్లలతో సహా ఇల్లు తగలబెడతారు. గుండె రాయి చేసుకుని తెలీదంది. బండి పోయింది, శవమూ పోయింది. ఎక్కడ పాతారో ఈనాటికీ తెలీదు. కడుపుకోత ఎలా ఉంటుందో ఆవిణ్ణి అడగాలి.

దేశానికి స్వతంత్రం వచ్చింది, దళాన్ని రద్దు చేశారు. షివూతే ఏమీ ఎరగనట్టు తల్లి ఇంటికి తిరిగొచ్చాడు. ఎంత ధైర్యం వాడికి!

శనివారం మధ్యాహ్నం హౌఫికూ పికప్పులో దిగాడు. కొత్త దేశానికి రాజ్యాంగం రాసిన డెబ్భై ఇద్దరిలో అతనొకడు. సూటు వేసుకుని, చంకలో ఆ పుస్తకం పెట్టుకుని దొడ్లోకి వచ్చాడు. ఊరంతా కంచె చుట్టూ మూగింది. గుంజకు వేలాడుతున్నవాణ్ణి చూసి అతని మొహం పాలిపోయింది. కౌనపావా రాతి మీద రెండు రోజులు నూరిన వేటకత్తి తెచ్చి తమ్ముడి ముందు పట్టుకుంది.

"ఇంద. నీకోసమే ప్రాణంతో ఉంచాను."

హౌఫికూ కత్తి తీసుకోలేదు. "అక్కా, ఈ దేశంలో ఇంక చావుశిక్ష లేదు. కోర్టు కూడా వెయ్యడానికి వీల్లేదు. ఆ ముక్క ఉండాలని సభలో ఓటుకి నేనే చెయ్యెత్తాను."

"ఎవర్నడిగి ఎత్తావు?"

సూటు తొడిగినవాడికి నెత్తుటి మరకంటే భయం కాబోలని ఒక ముసలమ్మ అంది. జనం నవ్వారు. హౌఫికూ నవ్వకుండా అక్కకి తన సంగతి ఒకటి చెప్పాడు. సరిహద్దు అవతల అంగోలాలో పోరాట క్యాంపులో ఉన్నప్పుడు ఒకణ్ణి గూఢచారి అనుకుని ముగ్గురు కలిసి చంపారట, అందులో తనూ ఉన్నాడట. నెల తిరక్కుండానే వాడు గూఢచారి కాదని తేలిందట. "వాడికీ ఒక అక్క ఉంది. తమ్ముడి జాడ చెప్పమని నాకే ఉత్తరాలు రాస్తోంది. ఏం రాయను చెప్పు?"

ఆ అక్క సంగతి తనకెందుకని కౌనపావా కసిరింది. పోనీ వీణ్ణి కోర్టుకైనా ఈడుస్తారా అని అడిగింది. యుద్ధంలో చేసినవాటికి రెండు వైపులా మాఫీ చేశారని అతను నేల చూస్తూ చెప్పాడు.

"అయితే ఆ పుస్తకంలో నాకేముందిరా?"

"నీకేం లేదక్కా. ఇకముందు పుట్టేవాళ్ళకుంది," అన్నాడు.

అని, పుస్తకం పక్కనున్నవాడి చేతికిచ్చి గుంజ దగ్గరికి నడిచి ముడి విప్పబోయాడు. కౌనపావాకి కళ్ళు బైర్లు కమ్మాయి. మూడేళ్ళు మింగిన ఏడుపంతా చేతుల్లోకి వచ్చింది. షివూతే మెడకి గురిచూసి రెండు చేతులతో కత్తి ఎత్తి వేసింది. హౌఫికూ అది చూసి వాడికి అడ్డుపడ్డాడు. కత్తి అతని మెడకీ భుజానికీ మధ్య దిగబడింది.

అతను కూలిపోయాడు. నెత్తురు ఎగజిమ్మి ఆవిడ మొహమంతా పడింది. జనం కంచె దగ్గరే నిలబడిపోయారు. గుంజ దగ్గర్నుంచి షివూతే మాత్రం అరిచాడు. "కట్లు విప్పు. ఎక్కడ నొక్కిపట్టాలో నాకు తెలుసు, దళంలో నేర్పారు. విప్పవే, చచ్చిపోతాడు."

అదే కత్తితో ఆవిడ కట్లు కోసింది. షివూతే మోకాళ్ళ మీద పడి రెండు అరచేతులూ గాయంలో అదిమాడు. అలాగే ఇద్దర్నీ పికప్పులోకి ఎక్కించారు. ఆవిడ తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని, కొడుకుని చంపించిన ఆ చేతుల్నే చూస్తూ, గట్టిగా నొక్కమని, ఇంకా గట్టిగా నొక్కమని బతిమాలింది. ఆసుపత్రి కనిపించకముందే హౌఫికూ ప్రాణం పోయింది. షివూతే చేతులు తియ్యలేదు. ఇంక తియ్యమని ఆవిడే చెప్పింది. వాడు దిగి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఎవరూ వెంటపడలేదు. వాణ్ణి తిట్టడానికైనా ఆవిడకి కోపం మిగల్లేదు.

ఊరికి తిరిగొచ్చి తనకి శిక్ష వెయ్యమని అడిగితే ఊరిపెద్ద తల అడ్డంగా ఊపాడు. ఒకే కడుపున పుట్టినవాళ్ళ మధ్య నెత్తురు పారితే బదులు అడిగేవాడు ఉండడు, తీర్చేవాడూ ఉండడు, తన దగ్గర దీనికి తీర్పు లేదన్నాడు. దాంతో కౌనపావా ఆ నెత్తుటి బట్టలతోనే పోలీసు ఠాణాకి నడిచింది. సార్జెంటు ముందు జరిగిందంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. ఆయన రాసుకున్నాడు.

"నన్నెప్పుడు ఉరితీస్తారు?" అని అడిగింది.

"ఉరి లేదమ్మా ఇప్పుడు. తీసేశారు."

"నేనే అడుగుతున్నా కదయ్యా. నోరు తెరిచి అడిగినా ఇవ్వరా?"

"ఎవరికీ లేదు," అన్నాడు సార్జెంటు. "జైల్లో ఉంటావు. ఎన్నేళ్ళో జడ్జిగారు చెప్తారు. ఎన్నేళ్ళయినా బతకాల్సిందే."

తమ్ముడు ఎత్తిన చెయ్యి ఆ ఊళ్ళో మొట్టమొదట కాపాడింది తననే. అది తెలిసి కౌనపావా ఠాణా నేల మీద కూలబడి, ఎవరు లేపినా లేవకుండా, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది.